మైల రోజున తెరిచిన పురుగులిల్లు

పోయిన నెల పెనుకొండ చర్చిలో మా నాయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆయన పోయి ఏడాదయింది. పాస్టరుగారు మంచివాడు, వయసులో చిన్నవాడు, నాయనను ముసలితనంలో మాత్రమే చూసినవాడు. విశ్వాస వీరుడని, ప్రార్థనాపరుడని, ఆదర్శ కుటుంబీకుడని చాలాసేపు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు గాని, వింటున్నంతసేపూ మా నాయన నాకెక్కడా కనబడలేదు. తమ్ముడు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను. అంత పెద్ద మాటల తర్వాత నా దగ్గరున్నది పట్టుపురుగుల సంగతి ఒక్కటే కావడంతో, వచ్చినవాళ్ళకు వందనాలు చెప్పి కూర్చున్నాను. అది ఇక్కడ రాస్తున్నాను. మా వైపు పురుగులు మేపిన ఇళ్ళలో పుట్టి, నా వయసుకు వచ్చినవాళ్ళకు ఎక్కువ వివరం అక్కర్లేదు.

మాది పెనుకొండకు, హిందూపురానికి మధ్య ఒక చిన్న ఊరు. బావి కింద కొంచెం మల్బరీ తోట, ఇంటి వెనక మట్టిగోడల పురుగులిల్లు, అదే మా బతుకు. పురుగులు గుడ్డు నుంచి గూడు దాకా నాలుగు సార్లు మేత మాని నిద్రపోతాయి, ఆ నిద్రను మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి లేచాక ఇక వాటికి ఆకలి తప్ప మరేమీ ఉండదు, ఆకు వేసి వెనక్కి తిరిగేలోగా తట్టల్లో ఈనెలు మిగులుతాయి. అప్పుడు ఒక పూట మేత తప్పినా గూడు పలచనవుతుంది. ఆ ఇంటికి కొన్ని కట్టడులుండేవి. చావింటికి పోయొచ్చినవాళ్ళు లోపలికి రాకూడదు, నెలసరి వచ్చి బయట ఉన్న ఆడవాళ్ళు గడప తొక్కకూడదు. తప్పితే పురుగుకు సున్నకట్టు వస్తుందని, అంటే సున్నం పూసినట్టు తెల్లబడి బిరుసెక్కి చస్తుందని భయం. హిందువులు, ముస్లింలు, మాబోటి క్రైస్తవులు అందరమూ ఈ ఒక్క విషయంలో ఒకే మతం. బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఎన్నో ఆచారాలు వదిలిన నాయన దీన్ని మాత్రం వదల్లేదు. ఇది దేవుని సంగతి కాదు, పురుగు సంగతి అనేవాడు.

నేను పదో తరగతి పాసైన ఏడు, పంట చేతికొస్తే హిందూపురం కాలేజీలో చేరుస్తానని నాయన మాటిచ్చాడు, రాకపోతే ఏమిటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచిన పొద్దున్నే ధర్మవరం నుంచి కబురొచ్చింది, పెదనాయన పోయాడని.

పెదనాయన గురించి చెప్పాలి. నాయన బాప్తిస్మం తీసుకున్న రోజున ఆయన బట్టల పెట్టెను వీధిలో పెట్టించింది ఈ అన్నే. తర్వాత ధర్మవరం పోయి మగ్గాల్లో కుదురుకున్నాడు, పిల్లలు కలగలేదు, తమ్మునితో మాట్లాడలేదు. మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టగానే కుటుంబ ప్రార్థన ఉండేది. నాయన ఒక్కొక్కరి పేరూ పలికి ప్రార్థించేవాడు, దూడ ఒంట్లో బాగాలేకపోతే దూడనూ కలిపేవాడు, ఆ వరసలో మొదటి పేరు ఎప్పుడూ పెదనాయనదే. అందుకే కబురు వినగానే, నాయన ధర్మవరం పోతాడా పోడా అన్న అనుమానం మాకెవరికీ రాలేదు.

కానీ చావు మా వంశంలోది కాబట్టి మైల ఇల్లంతటికీ పట్టింది. ఆకు కోసే కూలీలు కబురు తెలియగానే కొడవళ్ళు గోడకు చెక్కి వెళ్ళిపోయారు. ఎదురింటాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, చెడ్డవాడేమీ కాదు, నిజంగానే మా మేలు కోరి వచ్చాడు.

"పురుగును వేరే ఇంటికి ఇచ్చేయప్పా. వచ్చినకాడికి వస్తాది. మైల్లో మేపితే నీకూ దక్కదు, ఊరికీ అంటిస్తావు."

నాయన రైలుకు పోతే మిగిలేది అమ్మ, నేను, ఇంకా బడికి పోని తమ్ముడు. అమ్మ ఒక్కతే ఆకు కోసి, మోసి, తట్టలన్నీ దించి మేపడం అయ్యే పని కాదు. పైగా నేను ఆ రోజే బయట చేరాను. అమ్మ ఆ మాట తలవంచుకుని నాయనతో చెప్పింది. ఆయన పురుగులింటి ముందు చెప్పులు విడిచి, తలుపుకు చెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"పాపా, ఇట్ల రా. లోపలికి."

అమ్మ అడ్డం వచ్చింది. "ఏమయ్యా, చావు మైల చాలదా? పాప దూరముండాది అంటాంటే."

"చావు దేవుడు పెట్టిందే, ఇదీ ఆయన పెట్టిందే. ఊరి మాట విని ఇన్నేండ్లు ఈ తలుపు మూసింది నేను. పురుగు చస్తే అది నా మీద వేసుకుంటా, పాప చేతి మీద వేయను. నువ్వు గూడా వేయొద్దు."

అరుగు మీద ఉన్నాయన లేచి వెళ్ళిపోయాడు. నాయన నాకు తడి ఆకు వేయకూడదని, తట్ట అంచుల్లో ఉన్నవాటిని ముందు చూడమని చెప్పి, చేసి చూపించి, రైలుకు వెళ్ళాడు. అంతకు ముందు నేను ఆ ఇంట్లోకి పోలేదని కాదు, కానీ నావల్ల ఏదో చస్తుందన్న భయంతో పోవడం అదే మొదలు. ఆకు వేసిన ప్రతిసారీ తెల్లబడిన పురుగు కోసం వెతికేదాన్ని. ప్రతి పంటలోనూ కొన్ని చస్తాయి, ఆ పంటలోనూ చచ్చాయి. అవి కనబడినప్పుడల్లా అమ్మ ఏరి బూడిదలో పూడ్చేది, నా ముఖం చూసేది కాదు. చూస్తే ఏడుస్తానని ఆమెకు తెలుసు. మేత మాత్రం ఒక్క పూటా తప్పలేదు.

నాయన తిరిగి వచ్చినప్పుడు వెంట పెదనాయన భార్య, మా పెద్దమ్మ ఉంది, చంకలో బట్టల మూట. ధర్మవరంలో పాడె మోయనిచ్చారట, కర్మ చేసేటప్పుడు పక్కకు నిలబడమన్నారట, నిలబడ్డాడట. అంతా అయ్యాక పెద్దమ్మను ఎవరు తీసుకుపోవాలన్న మాట వచ్చి ఆమె అన్నదమ్ములు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే, నాయన మూట కట్టుకో వదినా అన్నాడట. ఆమె మా వాకిట్లోకి వచ్చి, పురుగులింటి తలుపు బార్లా తెరిచి ఉండడం, నేను తట్టతో బయటికి రావడం చూసింది.

"ఏమబ్బీ, మీ దేవునికి మైల లేదా?"

"ఆయనకు లేదు వదినా. ఎదురింటోళ్ళకు ఉండాది."

పెద్దమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, కొంగుతో ముఖం తుడుచుకుని ఆకు ఏరడానికి కూర్చుంది.

పురుగులు పండి చంద్రికలకెక్కాయి, వెదురు బద్దల ఆ చంద్రికల మీదే అవి గూళ్ళు కడతాయి. హిందూపురం మార్కెట్టుకు గూళ్ళకంటే ముందు మా సంగతి చేరింది, మైలగూళ్ళొచ్చినాయని మా ఊరివాళ్ళే నవ్వారు. పట్టుదారం తీసే రీలింగువాళ్ళు చేతినిండా గూళ్ళు తీసుకుని చెవి దగ్గర ఊపి చూశారు, నొక్కి చూశారు, వేలంలో పక్కవాళ్ళ గూళ్ళకు పాడినంతే మావాటికీ పాడారు. గొప్ప ధరేమీ కాదు. నేను కాలేజీలో చేరాను. తర్వాతి పంటకు కూలికి వచ్చిన ఆమె ఒకనాడు బయట చేరి, గడప దగ్గర ఆగి అమ్మ వైపు చూసింది, అమ్మ తట్ట అందించింది, ఆమె లోపలికి వెళ్ళింది.

పెద్దమ్మ చివరిదాకా మాతోనే ఉంది, చర్చికి ఎప్పుడూ రాలేదు. ఆమె దేవుని పటం ముందు దీపానికి నూనె నాయనే హిందూపురం నుంచి తెచ్చేవాడు. కొందరు సంఘపెద్దలు దాన్ని తప్పుపట్టారు. ఆయన నూనె తేవడం మానలేదు. ప్రార్థనప్పుడు ఆమె పక్కన విస్తరాకులు కుట్టుకుంటూ, ఆయన ఎవరి పేరైనా మరిచిపోతే, చిన్నోన్ని ఇడిస్తివి అబ్బీ అని అందించేది.

నాయన పోయినప్పుడు తమ్ముని పురుగులు కూడా మేత మీదున్నాయి. ఇప్పుడు పెద్ద షెడ్డు, ఇనుప స్టాండ్లు, గుమ్మంలో మందునీళ్ళ తొట్టి. సమాధుల తోట నుంచి రాగానే మరదలు కాళ్ళు కడుక్కుని, తొట్టిలో ముంచి, నేరుగా లోపలికి నడిచింది. ఆమె వెనక కూలి ఆడవాళ్ళు, ఎవరు బయట ఉన్నారో ఎవరూ అడగలేదు. అలా పోవడానికి ఒకప్పుడు ఒక మనిషి ఊరికి ఎదురు నిలవాల్సి వచ్చిందని వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. మంచిదే. కానీ ఆ సంగతి తెలిసినవాళ్ళలో అమ్మ లేదు, పెద్దమ్మ లేదు, ఇక ఆయనా లేడు. ఎవరితోనైనా చెప్పాలనిపించి గుమ్మం దాకా వెళ్ళాను.

"కొంచెం జరుగు వదినా, ఆకు వస్తాండాది," అంది మరదలు.

నేను పక్కకు జరిగాను.