కోదాడ వాలులో అరిగిన టైర్లు

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా రేపటి నుంచి నా నోటికి అన్నం ముద్ద అందకుండా పోవాలి. కంచం ముందు కూర్చుని, కంచం ముట్టుకుని మరీ ఒట్టు పెడుతున్నాను. మా ఇంటావిడ తలుపు పక్కన నిలబడి నవ్వుతోంది. నవ్వనీయండి. అప్పటికి ఆమె ఇంకా మా ఇంట్లో కాలు పెట్టలేదు, ఆమెకేం తెలుసు?

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట. పొయ్యికి మూడు రాళ్లెలాగో నా పడుచుతనానికి ఈ మూడు ఊళ్లు అలాగ. నిజాం పాలన పోయిన కొత్తలో మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు సేటు దగ్గర లారీ నడిపేవాణ్ని. మిల్లులో బస్తాలు ఎత్తుకుని, కోదాడలో సగం, సూర్యాపేటలో సగం దించి, ఖాళీ బండితో తిరిగి రావడం నా పని. అప్పట్లో లారీ నడిపేవాడంటే పెళ్లికొడుకు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. దామరచర్లలో నేను హారన్ కొడితే వాడపల్లి రేవులో పడవలు వాటంతటవే ఒడ్డుకి వచ్చేవి. ఒట్టు పెట్టానుగా, నమ్మండి.

మా సేటు మంచివాడే. ఆయనకు లోకంలో ఒక్కటే శత్రువు, నూక. గింజ విరిగితే ఆయన పక్కటెముక విరిగినట్టు విలవిల్లాడేవాడు. ఆయన బస్తా అంటే కోదాడ అంగట్లో విప్పి చూడకుండా దించుకునేవాళ్లు, అంత పేరు. నూక మిల్లులోనే కాదు, దారి కుదుపులకు కూడా పడుతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని టైర్లలో గాలి సగమే కొట్టించేవాడు.

"గట్టిగ కొట్టిస్తే బస్తాలు ఎగుర్తయి రా. మెత్తగుండాలె, తల్లి ఒడి లెక్క."

యుద్ధం అయిపోయి మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామాను అంగళ్లలోకి వస్తున్న రోజులవి. సేటు సూర్యాపేటలో బండికి సరిపడా మిలిటరీ టైర్లు కొన్నాడు. వాటి పళ్లు చూడాలి, మొసలి దవడే! బురదలో, ఇసుకలో బండి దిగబడకుండా చేసిన పళ్లు. రబ్బరు ఎంత ఎక్కువుంటే బియ్యానికి అంత మెత్తదనమని సేటు లెక్క. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి బండికి ఎక్కించాడు. అరిగి నున్నబడిన పాత టైర్లను మిల్లు వెనక పారేయించాడు.

ఆ టైర్లతో రోడ్డెక్కితే ఒకటే మోత. మఠంపల్లి దాకా వినబడి బర్రెలు పాలు ఎగ్గొట్టాయి. మోత సంగతి అలా ఉంచండి, పెట్రోలు! రేషను చీటీ మీద పెట్రోలు దొరికే కాలం. సేటు తానే వెదురు పుల్లను ట్యాంకులోకి దించి, తడి ఎక్కడిదాకా ఉందో చూసేవాడు. ట్రిప్పు అయి వచ్చాక తడి ఎక్కడ ఉండాలో పుల్ల మీద కత్తితో గాటు పెట్టుకున్నాడు. మిలిటరీ టైర్లు ఎక్కినప్పటి నుంచి తడి ఆ గాటు కంటే బాగా కిందనే ఉంటోంది.

ఒక పొద్దున మిల్లు వాకిట్లో, హమాలీలందరి ముందు పుల్ల నా ముఖం మీదికి తెచ్చాడు.

"ఏం రా, కోదాడల ఎవనికి పోస్తున్నవ్ పెట్రోలు?"

"ఎవనికి పోస్త సేటూ? బండే తాగుతున్నది."

"బండికి నోరున్నదా? నీకున్నది. రేపటి ట్రిప్పుకు నేను గూడ వస్త. నువ్వు దొంగవని తేలిందంటే గా కోదాడలనే దిగిపో. ఈ మూడూళ్లల నీకు ఇంకెవ్వడు బండి ఇయ్యడు."

కొలువు పోతే ఇంకొకటి. దొంగ పేరు పడితే ఆ మూడు రాళ్ల పొయ్యి ఆరినట్టే.

మా క్లీనరు నాకు వరసకు మేనమామ. సగం జీవితం ఎడ్లబండి తోలి, ఆ తర్వాత నా పక్కన చేరాడు. ఆ సాయంత్రం చుట్ట కాలుస్తూ టైరు పళ్లలో ఇరుక్కున్న రాళ్లు పొడుస్తున్నాడు.

"అల్లుడా, రేగడిల నడిస్తే చెప్పులకు మన్ను పట్టి కాళ్లు పీకుతయి గద? మన బండి గూడ గట్లనే నడుస్తున్నది."

ఈ మాట మామ అన్నాడో నేనే అన్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. నేనే అని ఉంటాను.

కోదాడకు కాస్త ముందు రోడ్డు మిట్టెక్కి దిగుతుంది. మర్నాడు ఆ మిట్ట మీద బండి ఆపి ఇంజన్ కట్టేశాను. గేరు తీసి, బ్రేకు వదిలాను. బస్తాల బరువుతో బండి వాలులోకి జారి, గుర్రుమంటూ దొర్లి, వాలు ఇంకా అయిపోకముందే ఒక తాటిచెట్టు దగ్గర ఆగిపోయింది. మామ దిగి, ఆగిన చోటుకు గుర్తుగా ముందు చక్రం పక్కన రాయి పెట్టాడు.

"ఇంజన్ బందే గద సేటూ. నేను బ్రేకు గూడ తొక్కలె. మరి బండిని ఎవడు ఆపిండు?"

సేటు తలపాగా సర్దుకున్నాడు. "ఎవడు?"

"నీ టైర్లే. గాలి లేక నేలకు కరుసుకుంటున్నయి. ఇంజన్ వాటిని ఈడ్వలేక పెట్రోలు తాగుతున్నది. పాత టైర్లు ఏసి, నిండ గాలి కొట్టి తెస్త. ఇదే వాలు, ఇదే బరువు. సూద్దాం."

"నూక?"

"నూక పడితే నేనే దిగిపోత."

నన్ను నమ్మాలని ఆయనకూ ఉంది, గింజ విరుగుతుందని భయమూ ఉంది. చివరికి "ఒక్క ట్రిప్పు" అన్నాడు.

నున్నబడ్డ పాత టైర్లకు మామా నేనూ వంతులు వేసుకుని, చేతిపంపుతో వేలితో కొడితే ఖంగుమనేదాకా గాలి కొట్టాం. ఎడ్లబండివాళ్లు కుండలు తీసుకుపోయేటప్పుడు పరిచినట్టు బస్తాల కింద మందంగా వరిగడ్డి పరిచాం. మిల్లు దగ్గరే సేటు ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని చూసి, మళ్లీ కుట్టించి గుర్తు పెట్టుకున్నాడు.

తర్వాతి ట్రిప్పులో అదే మిట్ట మీద ఇంజన్ కట్టేశాను. బండి కదిలింది. ఈసారి మోత లేదు, గాలి చప్పుడే. తాటిచెట్టు దాటింది. మామ పెట్టిన రాయి దాటింది. వాలు అయిపోయింది, బండి ఆగలేదు. ఒక జట్కాను దాటితే అందులోని గుర్రం సిగ్గుపడింది. సేటు తలపాగా ఎగిరి వెనక బస్తాల మీద పడింది. కోదాడ బజారులోకి, మేం బియ్యం దించే కొట్టు దాకా ఇంజన్ లేకుండా వెళ్లి ఆగాం. ఎదురుగా సోడాలు అమ్మేవాడు గోళీ నొక్కడం మరిచిపోయాడు.

"ఏమండీ, ఇంజనుకి నిద్రపట్టిందాండీ?"

"నిద్రపోనీ. లేపితే పెట్రోలు అడుగుతది," అన్నాను.

సేటు దిగీ దిగగానే గుర్తు పెట్టిన బస్తా విప్పించాడు. అరచేతిలో బియ్యం పోసుకుని, ఊది, ఎండకు పట్టి, వేలితో ఒక్కొక్క గింజా జరిపాడు. నూక చూడ్డంలో ఆయన్ని మించినవాడు ఆ జిల్లాలో లేడు. చూసింది దాచే మనిషీ కాదు. "మిల్లు దగ్గర ఎట్లుండెనో గట్లనే ఉన్నది" అన్నాడు. సూర్యాపేట పోయి, మిర్యాలగూడ చేరాక పుల్ల దించితే తడి గాటుకి పైనే ఉంది. అప్పుడు హమాలీలందరి ముందు నన్ను కౌగిలించుకుని, "శభాష్ రా, నిన్ను దొంగ అన్న నోరు ఇది!" అని తన నోటి మీద తానే కొట్టుకుని, తలపాగా తీసి నా తలకు చుట్టాడు.

మిలిటరీ టైర్లను కృష్ణ ఒడ్డున రేగడి దారుల్లో బండలు తోలే ఒకాయనకు అమ్మేశాం. ఆ బురదలో అవే రాజులు. టైరు కొనేముందు నేలను చూడాలని ఇప్పటికీ కనబడ్డ ప్రతి డ్రైవరుకీ చెబుతాను. సగం మంది వినరు. విననివాళ్లు పెట్రోలు బంకులకు అన్నదాతలు.

మా ఇంటావిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కంచంలో అన్నం చల్లారుతోంది, కాబట్టి ఒట్టు తీసి గట్టు మీద పెడతాను. బండి బజారు దాకా దొర్లిందన్నది నేను కల్పించిందని మీరనుకుంటున్నారు. అది నిజమే, కోదాడ వెళ్లి అడగండి. గుర్రం సిగ్గు కూడా నిజం. కల్పించింది ఆ శభాష్, ఆ కౌగిలి, ఆ తలపాగా. సేటు పుల్ల చూశాడు, తుడిచాడు, లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి మిల్లు వాకిట్లో ఆయన ధోవతి ఎగ్గట్టుకుని, చెమటలు కక్కుతూ, నా బండి టైర్లకు తానే గాలి కొడుతున్నాడు.