అవ్వ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని తప్పించుకుని మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది.

మాది నెల్లూరు. షార్జాలో రోలా దగ్గర కాపురం. మా ఆయనకు జెబెల్ అలీలో ఉద్యోగం, పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రాక. కోవిడ్ సద్దుమణిగాక, పిల్లల కేసుల్లో సాయపడే వాలంటీర్లు కావాలని ఒక స్నేహితురాలు చెబితే వెళ్లాను. తల్లో తండ్రో నిర్బంధంలో ఉండి, కాగితాలు లేక, సంరక్షణ కేంద్రానికి చేరిన పిల్లలు వాళ్లు. పక్కన కూర్చుని, వాళ్ల మాట విని, కోర్టులో పెద్దలకు ఉన్నదున్నట్టు చేర్చాలి. అంతే మా పని. ఫారంలో భాషల దగ్గర తెలుగు అని రాశాను. ఆ పని చూసే మలయాళీ ఆవిడ, "తెలుగులో కూడా రకాలుంటాయటగా, అన్నీ వచ్చా?" అని అడిగింది. నవ్వేశాను. తెలుగంటే తెలుగే అన్నాను. నా భాష మీద నాకు అంత పొగరు.

ఆ అమ్మాయి పేరు మారుస్తాను. శ్రావణి అనుకోండి. ఆరేళ్లు. తల్లిది జగిత్యాల వైపు ఒక పల్లె. ఇంటి పనికి వచ్చి, వీసా ఇప్పించిన యజమాని, ఆ కఫీల్ ఇంట్లో ఉండలేక బయటపడి, అజ్మాన్‌లో ఒక గదిలో నలుగురితో కలిసి ఉంటూ దొరికిన పని చేసుకునేది. పిల్ల అక్కడే పుట్టింది. తండ్రి ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. తనిఖీలో తల్లి దొరికింది. కేసు ఎప్పటికి తేలుతుందో చెప్పలేమన్నారు. జడ్జి ముందు రెండు దారులున్నాయి. పిల్ల కేంద్రంలోనే ఉండి, వారం వారం తల్లిని చూస్తూ, కేసయ్యాక తల్లితో కలిసి ఊరికి పోవడం ఒకటి. వెంటనే ఊళ్లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పంపించేయడం రెండోది. తల్లి మొదటిదే అడిగింది. జడ్జి మాత్రం పిల్లనే అడుగుదాం అన్నాడు.

ఆ గది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇక్కడి మగవాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు కందూరాలో ఉన్న జడ్జి కుర్చీలోంచి లేచి వచ్చి, తివాచీ మీద, పిల్లకు ఎదురుగా కింద కూర్చున్నాడు. అది చూసి రాసేవాడు లేచాడు, అరబిక్‌లోకి మార్చే అతను లేచాడు, కాసేపటికి అందరం కిందే ఉన్నాం. కాగితమే లేని పిల్ల. ఈ దేశం లెక్కలో ఉందో లేదో తెలియని పిల్ల. ఆ పిల్ల నోరు విప్పడం కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేనెప్పుడూ ఎక్కడా చూడలేదు. ఆ పిల్ల భయపడలేదు. ఒక్కొక్కరి ముఖం చూసి, చివరికి నా వైపు తిరిగింది.

"నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉందమ్మా?" అన్నాను.

"అవ్వ తాన."

"అవ్వ దగ్గరికేనా? బాగా ఆలోచించి చెప్పు తల్లీ."

"అవ్వ తాన్నే ఉంట. ఇంకెవ్వల తాన ఉండ."

"విమానం ఎక్కి పోవాలి మరి. భయం లేదా?"

"అవ్వ ఉంటది గద. భయమెందుకు?"

మా నెల్లూరులో అవ్వంటే అమ్మమ్మో నాయనమ్మో. నాకు సందేహమే రాలేదు. హిందీలో చెప్పాను, నానీ దగ్గరికి వెళ్తానంటోందని. అతను అరబిక్‌లో చెప్పాడు. జడ్జి తల ఊపాడు. పిల్ల తల నిమిరి, బాగా చెప్పావు అన్నాడు. నేను కూడా బాగా చెప్పానని నాకు అనిపించింది.

ఇక్కడివరకు అది పొరపాటు. పొరపాటే అయితే నేను ఇదంతా రాసేదాన్ని కాదు.

మూడు రోజుల తర్వాత ప్రయాణానికి గౌన్లు ఇద్దామని కేంద్రానికి వెళ్లాను. శ్రావణి బొమ్మ గీస్తోంది. నల్లటి పొడుగు జడ, చేతిలో తుడిచే కర్ర, నీలం యూనిఫాం. ఎవరిది అన్నాను. "మా అవ్వ" అంది. మీ అమ్మా అన్నాను. "ఆఁ, అవ్వ" అంది, ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసి. వాళ్ల వైపు అమ్మని అవ్వంటారు. తల్లి తనని విమానంలో తీసుకెళ్తానని చెప్పి ఉంటుంది, అందుకే భయం లేదంది.

ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. ఆ మలయాళీ ఆవిడకు ఒక్క ఫోను చేస్తే చాలు. చేయలేదు.

ఎందుకు చేయలేదు? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. కేంద్రం కంటే సొంత మనుషుల ఇల్లు మేలు కదా అనుకున్నానా? అనుకున్నాను, కానీ అది తర్వాత వెతుక్కున్న సాకు. మొదట వచ్చిన ఆలోచన వేరు. ఆ వారమే కొత్త వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు. తెలుగుకు ఈమె ఉంటే చాలు అని అందరి ముందు అన్నారు. ఆ మాట పోతుందని భయపడ్డాను. తల్లీకూతుళ్లు ఒకవైపు, నాకున్న పేరు ఒకవైపు పెట్టుకుని, నా పేరే తీసుకున్నాను. చదువుకున్నదాన్ని, కన్నతల్లిని, నేనే.

ఊరికి పోతున్న ఒక కుటుంబంతో పంపించారు. ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్లాను. శ్రావణి నా వేలు పట్టుకుని నడిచింది, ఏడవలేదు. లోపలికి పోయేముందు మాత్రం వెనక్కి తిరిగి జనంలో వెతికింది. ఎవరి కోసమో నాకు తెలుసు. అవ్వ వస్తుందన్న ఆ నమ్మకం చూసి నేను ముఖం తిప్పుకున్నాను. అంత పసిపిల్లకు అంత నిబ్బరం ఎక్కడిదో, ఇన్నేళ్లయినా నాకు ఆశ్చర్యమే.

తల్లి పద్నాలుగు నెలల తర్వాత ఊరు చేరింది. పిల్ల సంచిలో నేను పెట్టిన నంబరు చూసి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"మేడమ్, కోర్టుల నా బిడ్డ పక్కపొంటి మీరే కూసున్నరట. మీ మేలు మర్వ. పొల్ల నన్నిడిసి అమ్మమ్మ తానకు వోతనన్నదని ఆడ హిందీల చెప్పిన్రు. నేనేం సుకపెట్టిన గనక. ఇప్పుడు ముసల్దాన్నే అవ్వ అంటది, నా దిక్కు సూడది. మంచిదే తియ్, పొల్ల సుకంగుంది."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను నిలువునా కుంగదీసింది. కూతురు తనను వద్దనుకుందని నమ్మి కూడా, ఆ కూతురి కోరిక తీరినందుకు నాకు దండం పెడుతోంది. ఇలాంటి మనుషులు ఉంటారా? ఉన్నారు, ఫోనులో మాట్లాడుతున్నారు. నేనేమన్నానో తెలుసా? పిల్లకు అన్నీ సర్దుకుంటాయిలెండి అన్నాను. ఇంకో నిమిషం మాట్లాడి పెట్టేశాను.

ఆ పని మానేశాను. మానేస్తే ఏమైంది? నంబరు నా దగ్గరే ఉంది. చేయాలని ఎన్నోసార్లు తీసి, చేయలేదు. రేపు చేస్తానని మీకు మాట ఇవ్వలేను, నన్ను నేను ఎరుగుదును. క్షమించమని కూడా అడగను, ఆ హక్కున్న ఇద్దరికీ విషయమే తెలియదు. కానీ ఇంతదాకా రాశాను కదా, మిగిలిందీ రాసేస్తే ఊపిరి ఆడుతుందేమో.

ఆ పిల్ల అమ్మనే అడిగింది. రెండుసార్లు అడిగింది. అది నాకు సమయం మించిపోకముందే అర్థమైంది, అయినా నేను ఎవరికీ చెప్పలేదు.