నాలుగు ఫ్యాన్లు, ఒక అగరొత్తి

చీమకుర్తిలో మా నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. ఆ గల్లా పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి, ఒకటి కావలసిన చోట ఒకటే కొనడం నాకు చేతకాదు. నాలుగు తీసుకుంటే రేటు తగ్గుతుందంటే చాలు, మిగతా మూడూ ఎందుకో ఇంటికొచ్చాక ఆలోచిస్తాను. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన ఒక వేసవిలో మా కంప్యూటర్‌కి నేను చేసిన వైద్యం కూడా అలాంటిదే.

అప్పటికి నేను గుంటూరులో స్టేషనరీ కొట్టు నడుపుతున్నాను. మా ఆవిడ తెలుగు టీచరు. చూపులేని పిల్లల బడి ఒకదానికి ఎనిమిదో తరగతి పాఠాలన్నీ చదివి, రికార్డు చేసి, సీడీలుగా ఇస్తానని మాటిచ్చింది. జూన్‌లో బడి తెరిచేలోగా అయిపోవాలి. చప్పుడు పడకూడదని సీలింగ్ ఫ్యాను ఆపేది, కిటికీ మూసేది. మే నెల ఎండకి, ఆ మూసిన గదిలో, కొంగుతో మెడ తుడుచుకుంటూ చదివేది. ఆమె తట్టుకునేది గానీ కంప్యూటర్ తట్టుకునేది కాదు. పావుగంట కాగానే వేడెక్కి ఆగిపోయేది. అప్పటిదాకా చదివిందంతా పోయేది.

"ఏవండీ, ఇదే పాఠం మూడోసారి," అంది ఒకరోజు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నేను వెంటనే బజారుకెళ్ళి, క్యాబినెట్‌కి బిగించే చిన్న ఫ్యాను ధర అడిగాను. అరగంట బేరమాడి, రెండింటి ధరకి నాలుగు తెచ్చాను. ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందు రెండు, పక్కన ఒకటి, వెనక ఒకటి బిగించాను. నాలుగూ లోపలికే గాలి కొట్టేలా పెట్టాను. వేడెక్కినదానికి గాలి తగలాలన్నది నా సిద్ధాంతం. కొన్నది ఒక్కటి ఖాళీగా ఉన్నా నష్టమేనన్నది మా వంశ సిద్ధాంతం.

స్విచ్ వేస్తే పత్తి మిల్లు మొదలైనట్టుంది. మా ఆవిడ రెండు వాక్యాలు చదివి, వెనక్కి పెట్టి వింది.

"పాఠం వెనకాల ఈ గ్రానైట్ లారీ ఏంటండీ?"

"చప్పుడుదేముంది, చల్లగా ఉంటుంది చూడు," అన్నాను.

పది నిమిషాలకే ఆగిపోయింది. ఇదివరకు పావుగంటైనా నడిచేది.

మర్నాడు పొద్దున్నే క్యాబినెట్‌ని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని బ్రాడీపేట వెళ్ళాను. అక్కడ జిరాక్స్ షాపు మేడమీద ఒకాయన కంప్యూటర్లు బాగుచేసేవాడు. యాభై ఏళ్లుంటాయి. అంతకుముందు చాలాకాలం మిర్చి కోల్డ్ స్టోరేజీలో మిషన్ రూము చూశాడట. నేను ఏకరువు పెట్టిందంతా విని, స్క్రూడ్రైవర్‌కి బదులు బల్ల మీది అగరొత్తుల ప్యాకెట్ తీశాడు. పూజ చేస్తాడేమో, దానికి వేరే ఛార్జీ ఉంటుందేమోనని అనుమానపడ్డాను.

మిషన్ నడుస్తుండగా అగరొత్తి వెలిగించి ముందు వైపు పట్టాడు. పొగ లోపలికి పోయింది. పక్కన పట్టాడు. లోపలికే. వెనక, కంప్యూటర్‌కి మొదటినుంచీ ఉన్న ఫ్యాను వేడి గాలిని బయటికి నెట్టే చోట పట్టాడు. పొగ బయటికి నాలుగు వేళ్ల దూరం వెళ్లి, వంపు తిరిగి, నేను బిగించిన వెనక ఫ్యాను గుండా మళ్ళీ లోపలికే దూరింది. బయటికి నెట్టిన వేడిని నేనే పిలిచి లోపల కూర్చోబెడుతున్నానన్నమాట. నన్ను ఒక్క మాట అనకుండా నా తెలివితక్కువతనాన్ని నా కళ్ళకు చూపించినవాణ్ణి అంతకుముందు నేను చూడలేదు.

"అన్నీ లోపలికే పెట్టారేంటి సార్? మీ కొట్లో దిగుమతే గానీ అమ్మకం లేదా?" అన్నాడు అప్పుడు.

మూత తీయగానే ఇద్దరం తుమ్మాం. మా ఇల్లు మిర్చి యార్డుకి దగ్గర. లోపలంతా ఎర్రటి దుమ్ము. దాన్ని బ్లోయర్‌తో ఊది, నా ఫ్యాన్లు నాలుగూ విప్పాడు. ఎండుమిరపకాయని చెవి దగ్గర ఆడించి గింజల గలగల వింటారు చూడండి, అలా ఒక్కో ఫ్యానునీ చెవి దగ్గర పెట్టి వేలితో తిప్పాడు. మూడు పక్కన పెట్టేశాడు. నాలుగోదాన్ని వెనక భాగంలో, బయటికి గాలి నెట్టేలా తిప్పి బిగించాడు. ముందు వైపుకి తన దగ్గరున్న పెద్ద రెక్కల ఫ్యాను ఒకటి తీశాడు.

"చిన్నది పరిగెత్తాలి సార్. పెద్దది నడిస్తే చాలు. పరిగెత్తేదే రొప్పుతుంది."

"అయితే ఈ మూడూ మీరు తీసుకుని ఆ పెద్దది ఇవ్వండి," అన్నాను.

"ఇవి తీసుకుంటే నేను మళ్ళీ ఎవరికో అంటగట్టాలి. మీకున్నంత నోరు నాకు లేదు సార్."

"పోనీ, తీసేసినందుకు కూడా కూలీయేనా?"

"పెట్టింది మీరు, తీసింది నేను. పెట్టినందుకు మీకేమైనా రావాలంటే చెప్పండి, తగ్గించుకుంటాను."

ఆయన సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి, ఫ్యానుకీ రేకుకీ మధ్య పెట్టి బిగించాడు, అదురు రేకుకి ఎక్కకుండా. గాలికి అడ్డంగా వేలాడే వైర్లన్నీ పక్కకి కట్టేశాడు. ముందు వైపు దుమ్ము ఆపడానికి పల్చటి దోమతెర గుడ్డ అంటించాడు. మళ్ళీ అగరొత్తి వెలిగించాడు. పొగ ముందు నుంచి నిమ్మళంగా లోపలికెళ్లి, వెనక నుంచి తిన్నగా గోడదాకా పోయింది. ఆ పొగ వంక చూస్తూ ఆయన నవ్విన నవ్వు లాంటిది పంట బాగా పండిన రైతు మొహంలో చూస్తాం.

"గోడకి ఆనించకండి. మిర్చి బస్తాలైనా సరే, స్టోరేజీలో గోడకి జానెడు వదిలి పేరుస్తారు," అని చెప్పి పంపాడు.

ఇంటికెళ్ళి జానెడు కొలిచి మరీ పెట్టాను. స్విచ్ వేస్తే నడుస్తోందో లేదో తెలియక, వెనక అరచెయ్యి పెట్టి చూశాను. మా ఆవిడ ఆ పూట గంటన్నర ఆగకుండా చదివింది. నెలాఖరుకి పాఠాలన్నీ అయిపోయాయి.

బడి తెరిచిన రెండు వారాలకి మా ఆవిడతో పాటు నేనూ ఆ బడికి వెళ్ళాను. "పిల్లలూ, ఎలా ఉన్నార్రా?" అన్నానో లేదో, ముందు బెంచీలో ఒక అమ్మాయి తలెత్తింది.

"మీరు మామిడికాయల సారే కదా?"

నాకు అర్థం కాలేదు.

"ఏడో పాఠంలో వెనకాల మీరు మామిడికాయలు బేరమాడుతున్నారు సార్. టీచర్ గారి పాఠం అయిపోయింది కానీ మీ బేరం తెగలేదు. చివరికి ఎంతకిచ్చాడండీ?"

క్లాసంతా గొల్లుమంది. మేం స్పీకర్లో రెండుసార్లు విన్నాం, మాకు దొరకలేదు. వాళ్ళకి దొరికింది. నేనడిగిన ధరకే ఇచ్చాడని అబద్ధమాడాను. నిజానికి ఆ బేరంలో ఓడింది నేనే.

తిరిగొస్తూ బ్రాడీపేటలో ఆగి, మేడెక్కి ఆయనకి చెప్పాను, సంతోషిస్తాడని. ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"అయితే మీ కిటికీకి ఎక్కడో సందుంది సార్," అన్నాడు. "ఓసారి అగరొత్తి పట్టి చూడండి."