మా ఓనరు తాళం

నాచారంలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఒంటరి మనిషి. ఆయనది ఎప్పుడూ ఒకటే మాట: "అంతా పైవాడే సూస్కుంటడు." ఆ మాట అంటూనే తలుపుకు తాళం వేసి, గట్టిగా లాగి చూసేవాడు. ఉప్పల్ మెట్రో దాకా పోయి, అనుమానమొచ్చి వెనక్కి వచ్చి మళ్లీ లాగిన రోజులూ ఉన్నాయి. పైవాడికి ఆ మాత్రం సాయం చేయాలనుకునేవాడేమో.

గుండె ఆపరేషన్‌కు వెళ్లే రోజు మాత్రం తాళంచెవి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు.

"రోజూ మాపటికి దేవునికాడ దీపం ముట్టియ్యి బిడ్డా."

అమ్మ ఆదివారం చర్చి తప్పని మనిషి. "నేను ముట్టిస్తె మీ దేవునికి నడుస్తదా కాకా?" అంది.

"నడుస్తది. ఆయనకు నా అంత చాదస్తం లేదు."

ఆటో ఎక్కాడు. తాళం వైపు చూడనైనా లేదు.

అమ్మ రోజూ అక్కడ దీపం ముట్టించి వచ్చి, ఇంట్లో ఆయన కోసం ప్రార్థన చేసింది. ఓనరు క్షేమంగా తిరిగొచ్చాడు. ఆటో దిగి, మెల్లగా నడిచొచ్చి, ముందు తాళం పట్టుకుని లాగాడు.

"ఏంది కాకా, నా మీద నమ్మకం లేదా?" అంది అమ్మ.

"నీ మీద ఉంది బిడ్డా. పైవాని మీద ఉంది. గీ తాళం మీదనే లేదు."