గది నాది!

పోయిన నెల మా చిన్నల్లుడు గోవా చూపిస్తానని తీసుకుపోయి, సముద్రం చూడటం అయ్యాక ఒక సాయంత్రం నీళ్ల మీద నిలిపిన కాసినో పడవ కూడా ఎక్కించాడు. ఆడాలన్న ఆశ నాకు లేదు గాని, చూడాలన్న ఆశకు లోటు లేదు. పోకర్ బల్ల దగ్గర ఒక పెద్దమనిషి ఓడిన కోపంతో పత్తాలు, అదే పేకముక్కలు, విసిరికొడితే, పంచుతున్న అమ్మాయి చెక్కుచెదరకుండా చెయ్యెత్తి ఎవరినో పిలిచింది. ఇద్దరు దృఢకాయులు వచ్చి ఆయన్ను ఎంతో మర్యాదగా బయటికి సాగనంపారు. ఆ పద్ధతికి మా అల్లుడు మురిసిపోయాడు. నేను తల ఊపాను గాని, మనసులో ఆ అమ్మాయికి సగం మార్కులే వేశాను. ఆగం చేసేవాణ్ణి వెళ్లగొట్టడం ఏపాటి విద్య? వాణ్ణి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టాలి. అది మాకు మానుకోటలో బాగా వచ్చు.

రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా మాకు అది మానుకోటే. నేను లెక్కల పంతులును. ఉద్యోగంలో చేరిన కొత్తలో జనగామలో పత్తాలాట నేర్చుకున్నాను. భూపాలపల్లికి బదిలీ అయ్యాక బొగ్గుగని కార్మికుల దగ్గర బల్ల నడపడం నేర్చుకున్నాను. చివరికి మానుకోటలో స్టేషన్ దగ్గరి క్లబ్బులో మూలబల్లకు పెద్దరికం నాకే వచ్చింది. మేం ఆడింది రమ్మీ, అదీ చాయ్ పందెం మీదనే. కింద పెట్టిన పత్తాను పెట్టినవాడే మళ్లీ ఎత్తకూడదు, చేతిలో పత్తాలుండగా కుర్చీ దిగకూడదు, గెలిచినవాడు ఓడినవాడి మొహం చూసి నవ్వకూడదు. అన్నిటికన్నా గట్టిది భూపాలపల్లి నుంచి తెచ్చిన కట్టుబాటు: పత్తాలు విసిరినవాడు ఎంత గొప్పవాడైనా సరే, తన చేతులతో తానే ఒక్కొక్కటి ఏరాలి. వంగి ఏరుతుంటే సగం కోపం నేలమీదే కారిపోతుంది, మిగతా సగం చాయ్‌తో దిగిపోతుంది. నా బల్ల మీది నుంచి అలిగి లేచి మళ్లీ రానివాడు ఒక్కడూ లేడని నేను ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాణ్ణి.

రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదికొచ్చిన సమ్మె రోజులవి. బడులు మూతబడ్డాయి, ఆఫీసులు మూతబడ్డాయి, పొద్దంతా శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చి, ఎండ వాలే వేళకు క్లబ్బుకు చేరేవాళ్లం. మా బల్లకు నలుగురం. నేను, డోర్నకల్ రైల్వేలో పనిచేసే మా తోడల్లుడు, గూడూరు పక్కన వ్యవసాయం చేసే మా మేనమామ, నాలుగో ఆయన మా మేడమీద కిరాయికుండే బ్యాంకు మేనేజరు. ఆయనది గుంటూరు వైపు, ఆ ఎండాకాలమే బదిలీ మీద వచ్చాడు. ఆంధ్రాయన్ను ఇంకా ఎన్నాళ్లు కూర్చోబెట్టుకుంటవని పక్క బల్లలవాళ్లు నా చెవిన వేస్తూనే ఉన్నారు. నేను విననట్టే ఉన్నాను. ఆయన అలిగి లేచిపోతే నా బల్ల పరువు పోవడం అటుంచి, మానుకోటలో పత్తాలాట దగ్గర కూడా మనిషిని తరిమినారన్న మాట ఊళ్లు తిరుగుతుంది. కొట్లాడేది రాష్ట్రం కోసం గాని మనుషులను తరమడానికి కాదని పొద్దున శిబిరంలో మైకు పట్టుకుని చెప్పేవాణ్ణి కూడా నేనే.

ఒకనాడు మేనేజరు ఆలోచనలో పడి ఆఠీను రాణిని కింద పెట్టాడు. పెట్టిన మరుక్షణం నాలిక కరుచుకుని తీసుకోబోయాడు. తర్వాతి ఆట మా మామది, ఆయన ఎదురుచూస్తున్నదీ ఆ రాణి కోసమే. అరచెయ్యి దాని మీద దభీమని వేసి, నినాదాలతో బొంగురుపోయిన గొంతుతో అరిచాడు.

"గది నాది! గది నాది!"

మేనేజరు మొహం పాలిపోయింది. చెయ్యి అట్లాగే గాల్లో ఆగింది.

"గది మీదే, ఊరూ మీదే. కాదన్నదెవరండీ? మేమే పోతాం!" అంటూ చేతిలోని పత్తాలన్నీ విసిరికొట్టి లేచాడు.

క్లబ్బులోని అన్ని తలలూ నావైపే తిరిగాయి. శిక్ష వేస్తే ఆంధ్రా మనిషిని వంగబెట్టినట్టు, వెయ్యకపోతే నా ఇంటి కిరాయిదారును వెనకేసుకొచ్చినట్టు. అయితే నాకు ఒకటే కట్టుబాటు తెలుసు. ఎన్నడూ మార్చని గొంతుతోనే, విసిరినోళ్లే ఏరాలె సార్, అన్నాను. పోయేవాడికి మీ రూల్సేమిటని ఆయన తలుపు దాకా నడిచాడు. అప్పుడు మా మామ నిజంగానే బిత్తరపోయి నా మొహం చూశాడు.

"గా సారు ఎందుకు గరమైతున్నడు? నేనేమన్న? గది నాది అన్న, గంతే గద!"

నాకు అప్పుడు తట్టింది. పొద్దస్తమానం మేడ కిటికీ కింద నినాదాలు విని విని ఉన్న ఆ చెవులకు 'గది' అంటే ఇంకేం వినిపిస్తుంది? సార్, మావాళ్లు 'అది'ని 'గది' అంటరు, మీరు గది అనేదాన్ని మేం అర్ర అంటం, అని నేను చెప్పబోతే మామే అందుకున్నాడు.

"అర్ర కావాల్నంటె అర్ర నాది అననా? నాకు గీ అర్రెందుకయ్యా, రాణి కావాలె గాని!"

మేనేజరు మెల్లగా వెనక్కొచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో సిమెంటు నేల మీద మోకాళ్లూని పత్తాలు ఏరడం మొదలుపెట్టాడు. నొప్పుల మోకాళ్లతో మా మామ కూడా దిగి బల్ల కింద దూరాడు. ఇద్దరి తలలూ తాకినప్పుడు మొదట నవ్వింది మేనేజరే. పైకి లేచి ఆఠీను రాణిని మామ ముందు పెట్టి, "ఇదిగోండి బాబాయిగారూ, మీ గది" అన్నాడు. మా తోడల్లుడు చాయ్ కక్కుకున్నంత పని చేశాడు. ఆనాడు నాకు కలిగిన గర్వం, మా పిల్లలు ఉద్యోగాల్లో చేరినప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి.

మరునాడు శిబిరంలో మామ గొంతు ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గాలని మేనేజరూ అడగలేదు. ఎండ వాలేసరికి ఇద్దరూ మా బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు.

రాష్ట్రం వచ్చింది. కొట్లాడి తెచ్చుకున్నాం, మళ్లీ కొట్లాడమన్నా కొట్లాడతాను. ఆ తర్వాత క్లబ్బుల్లో పత్తాలు బందు పెట్టారు, ఎన్నో ఇళ్లు ఒడ్డున పడ్డాయి కనుక దానితోనూ నాకు పేచీ లేదు. మేనేజరు బదిలీ మీద వెళ్లిపోయాడు, మామ కాలం చేశాడు. ఈ వయసులో కూడా నాతో పడనివాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, నా మాట నచ్చక మొహం తిప్పుకుని పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లను మళ్లీ ఎట్లా కూర్చోబెట్టాలో నాకు ఇప్పటికీ తెలుసు. కూర్చోబెట్టడానికి ఒక బల్లే లేదు.