సున్న దగ్గర వదిలేసిన చుక్క

1948 జూలై. నూజివీడు తోటల్లో చివరి కాయలు దిగుతున్నాయి. మద్రాసులో సర్వే చదువు పూర్తిచేసి, ఉద్యోగపు ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ, ఇక్కడి హైస్కూల్లో తాత్కాలికంగా లెక్కల మేష్టారుగా చేరాను. ఫోర్తు ఫారం పిల్లలకు అప్పుడే గ్రాఫులు మొదలుపెట్టాను.

ఇంటికిచ్చిన లెక్క చిన్నది. రూపాయికి ఎనిమిది మామిడికాయలు. ఎన్ని రూపాయలకు ఎన్ని కాయలో సమీకరణం రాసి, గ్రాఫ్ గీయాలి. అడ్డగీత మీద రూపాయలు, నిలువుగీత మీద కాయలు. జవాబు ఒక సరళరేఖ. అది ఆరిజిన్ నుంచి, అంటే రెండు గీతలూ కలిసే సున్న నుంచి, బయలుదేరాలి.

నాలుగు కాగితాల్లో మాత్రం రేఖ రెండు కాయల ఎత్తున మొదలైంది. ఆ నలుగురూ సాయంత్రాలు కోటేశ్వరరావు వాళ్ల కాయల కొట్టు వసారాలో కలిసి చదువుకునేవాళ్లు. వాళ్లలో వీరయ్య రెడ్డిగూడెం నుంచి వచ్చినవాడు, సగం ఫీజు రాయితీ మీద చదువుతున్నాడు. నిరుడు పరీక్షలో పక్కవాడికి కాగితం చూపించాడని, మళ్లీ అలాంటిది జరిగితే రాయితీ తీసేస్తామని హెడ్మాస్టరుగారు హెచ్చరించి ఉన్నారు. రాయితీ పోతే వాడి చదువు ఆగిపోతుంది.

హెడ్మాస్టరుగారు కాగితాలు తిరగేశారు. "నలుగురికీ ఒకే తప్పు ఎలా వచ్చిందండీ? తప్పులు కూడా చుట్టరికం చూసుకుని వస్తాయా?"

"ఒక్కరోజు ఆగండి. పిల్లల్ని అడిగి చెబుతాను" అన్నాను.

కాగితాలు పక్కపక్కన పరిచి చూశాను. రేఖ మొదలయ్యే చోటు ఒకటే. స్కేలు, అంటే ఒక గడి ఎన్ని కాయలకు లెక్క అన్నది, నాలుగింటిలోనూ వేరు. చూసి గీసేవాడు స్కేలు మార్చి మళ్లీ లెక్కకట్టే శ్రమ పడడు. వీరయ్య కాగితంలో ఇంకో తేడా ఉంది. వాడి రేఖ నిలువుగీతను తాకలేదు. తాకాల్సిన చోట చుక్క పెట్టకుండా చిన్న ఖాళీ సున్న చుట్టి వదిలేశాడు.

మర్నాడు నలుగురినీ పిలిచాను. "ఈ రెండు కాయలూ ఎక్కణ్ణుంచి వచ్చాయిరా?"

కోటేశ్వరరావు నన్ను వింతగా చూశాడు. "కొసరండి. కొసరెయ్యకుండా కాయలెవరమ్ముతారండీ?"

"అయితే రూపాయికి పది అని రాయాలి కదా?"

"అమ్మో! రూపాయి రూపాయికీ కొసరేస్తే మా నాన్న కొట్టు మూసుకోవాల్సిందేనండి. బేరానికి ఒకటే కొసరు."

అంటే y = 8x + 2. లెక్కలో లేని కొసరు కలిపారే గాని, కలిపిన తీరు సరిగ్గానే ఉంది. ఖాళీ సున్న సంగతి వీరయ్యను అడిగాను. కోటేశ్వరరావే అందుకున్నాడు: "దాని మీద పెద్ద గొడవైందండి. గీత అక్కడిదాకా వెళ్తోంది కదరా, చుక్క పెట్టమంటే పెట్టడు. మొండివాడు!"

నలుగురినీ హెడ్మాస్టరుగారి గదికి తీసుకెళ్లి, కొసరు సంగతీ స్కేళ్ల తేడా సంగతీ చెప్పాను. ఆయన వీరయ్యను నల్లబల్ల దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికిచ్చారు.

"సున్న రూపాయలకు ఎన్ని కాయలు?"

"ఏమీ రావండి."

"నీ సమీకరణం రెండంటోందిగా?"

వీరయ్య బల్ల మీద ఖాళీ సున్న చుట్టాడు. "కొనకుండా కొసరెవరిస్తారండీ? సమీకరణం బేరం కుదిరాకే మొదలవుద్దండి. అందుకే అక్కడ ఖాళీ వదిలాను."

హెడ్మాస్టరుగారు మళ్లీ అడిగారు. "అర్ధరూపాయికి?"

"ఆరండి, కొసరుతో కలిపి."

ఆయన కోటేశ్వరరావు వైపు తిరిగారు. "మరి మొన్న నాకు మీ నాన్న నాలుగే ఇచ్చాడేంరా?"

"కొసరు అడిగి తీసుకోవాలండి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. రాయితీ అలాగే ఉంచమని గుమాస్తాకు కబురు చేసి, "వీళ్లను వేరువేరుగా కూర్చోబెట్టకండి" అని నాతో అన్నారు. ఇచ్చిన లెక్కను మార్చినందుకు నలుగురికీ మార్కులు తగ్గించాను. వీరయ్య సున్న పక్కన మాత్రం ఎర్ర సిరాతో 'బాగుంది' అని రాశాను.

సర్వే చదువులో నాకు నేర్పింది కొలతల్లో తేడా వస్తే తప్పు వెతకమని. ఇక్కడ ఆ తేడాలే పిల్లలు ఎవరికి వారు ఆలోచించారని చెప్పాయి. చూసి రాసిన చోట అన్నీ కలుస్తాయి. కలిసి ఆలోచించిన చోట ఏదో ఒకటి కలవకుండా మిగులుతుంది.

ఆనాటి నుంచి ఇంటిలెక్కల కింద పిల్లల చేత రెండు సంగతులు రాయిస్తున్నాను: ఎవరితో కలిసి చేశావు, ఎక్కడ పోట్లాడారు. రెండోదాని ఎదురుగా ఏమీ లేకపోతేనే ఆ కాగితాన్ని అనుమానంగా చూస్తాను.