కింది వరుసలు

మొన్న మంగళవారం పొద్దున పదకొండుంబావుకు, నిజామాబాద్ దవాఖానలో డాక్టరమ్మ నా మెడ తడిమి, స్కానింగు చూసి, ఈ థైరాయిడ్ గడ్డ ఉండాల్సినదానికంటే ఎక్కువ పనిచేస్తోంది, ఇట్లాంటివాటిలో క్యాన్సర్ అరుదు అంటూ ఇంకేదో చెప్పబోతుంటే, సూది పరీక్ష చేసెయ్యమన్నాను. ఆమె వింతగా చూసింది. నాకు మా అక్క గుర్తొచ్చింది.

అప్పట్లో మేమిద్దరం ఆర్మూర్‌లో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేవాళ్లం. మా ఈడు ఆడవాళ్లకు చిన్నప్పుడు బడి ఎక్కడిది? నలభై దాటాక నేను అక్షరాలు దిద్దాను. పట్టుబట్టి రాత్రిబడికి పంపింది అక్కే. ఆమెకు గుండెదడ, చేతుల వణుకు మొదలై, మెడ మీద గడ్డ కనబడితే దవాఖానకు పోయి, డాక్టరు తెలుగులో రాసిచ్చిన కాగితాన్ని ఇంటికైనా పోకుండా పసుపు ఆరబోసిన కల్లం దగ్గరికే తెచ్చి, నలుగురిలో నా చేతిలో పెట్టింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, మొదటి వరుస చదివాను: ఇది ఎక్కువ పనిచేసే గడ్డ, ఇందులో సాధారణంగా క్యాన్సర్ ఉండదు.

"ఇగ ఫికరేంది వదినా, గడ్డ గూడ నీ లెక్కనే ఊకుండకుంట పనిజేస్తున్నదట!" అని అక్క ఆడబిడ్డ అంటే అందరూ ఒకటే నవ్వు.

"జూసిండ్రా, మా చెల్లె ఎట్ల సదివిందో!" అని అక్క మురిసింది.

ఆ మురిపెంలో కాగితం మడిచేశాను. కింద ఇంకా వరుసలున్నాయని నాకు తెలుసు.

మాత్రలతో దడ తగ్గింది, అక్క ఒళ్లు చేసింది. రెండేళ్లకు గొంతు బొంగురుపోయింది. పెద్ద దవాఖానలో క్యాన్సర్ అని తేల్చి, సూది పరీక్ష అప్పుడే ఎందుకు చేయించలేదని అడిగితే, బయట బెంచీ మీద ఆ కాగితం విప్పాను. గడ్డ అంచులు సరిగా లేవు, అరుదే అయినా అనుమానం ఉంది, వారంలోగా సూది పరీక్షకు తప్పక రావాలి అని ఉంది. ఏమున్నదే అని అక్క అడిగింది. ఏం లేదన్నాను. నమ్మింది. ఆ ఎండాకాలం దాటకుండానే పోయింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరి కాగితం వాళ్లు ఫోన్లో చూసుకుంటున్నారు. చదవమని అడిగేవాళ్లు లేరు, చదివితే మురిసేవాళ్లు అసలే లేరు. మొన్న సూది గుచ్చే ముందు నా కాగితం అడిగి తీసుకుని, మొదటి అక్షరం నుంచి డాక్టరమ్మ సంతకం దాకా పైకే చదివాను. వినడానికి ఆ గదిలో డాక్టరమ్మ, సూది పట్టుకుని నిలబడ్డ నర్సు ఉన్నారు. మూడో మనిషిని నేనే.